గణాంక ఫైళ్ల రూప మార్పిడి: కమాండ్ లైన్‌లో రాయచూరు జిల్లా లెక్కలు

గణాంక ఫైళ్ల రూప మార్పిడి అంటే ఒక గణాంక సాఫ్ట్‌వేర్ రాసిపెట్టిన డేటాను మరో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలోకి తేవడం. ఎస్‌పీఎస్ఎస్ ఫైలును స్టాటాకు, శాస్ ఫైలును ఆర్‌కు, ఎడం లేకుండా అంకెలు పేర్చిన సాదా టెక్స్ట్‌ను కామాలతో విడదీసే సీఎస్‌వీకి మార్చడం ఈ కోవలోవే. మెనూలు నొక్కుతూ మౌస్‌తోనూ చేయొచ్చు, కమాండ్ లైన్‌లో ఒక్క వరుస ఆదేశం టైపు చేసీ చేయొచ్చు. ఫైలు ఒక్కటైతే ఏ దారైనా ఒకటే. ముప్ఫై జిల్లాల ఫైళ్లు మార్చాలన్నా, ఆర్నెల్ల తర్వాత మళ్లీ అదే పని చేయాలన్నా, ఏం చేశారో పరిశోధన గైడుకు చూపించాలన్నా కమాండ్ లైనే మేలు. మౌస్ నొక్కుళ్లకు రికార్డు ఉండదు. ఆదేశం మాత్రం ఫైలు పక్కనే ఉండిపోతుంది.

కర్ణాటకలో కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లా ఈ విషయానికి చక్కని ఉదాహరణ. 2011 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 19,28,812. ఈ జిల్లా లెక్కలు జనగణన వారి ఎక్సెల్ పట్టికల్లో ఒక తీరుగా, జాతీయ నమూనా సర్వే టెక్స్ట్ ఫైళ్లలో ఇంకో తీరుగా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫైళ్లలో మరో తీరుగా దొరుకుతాయి. జిల్లా కోడ్ కూడా చోటుకో రకం. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో హైదరాబాదులోనో కూర్చుని ఈ జిల్లా మీద పరిశోధన చేసే విద్యార్థికి ముందుగా ఎదురయ్యే పని ఈ మార్పిడే.

ఫైలు లోపల ఏముంటుంది

గణాంక ఫైలులో రెండు పొరలుంటాయి. ఒకటి అంకెల పట్టిక: వరుసకొక మనిషో, ఇల్లో, ఊరో, కాలమ్‌కొక ప్రశ్న. రెండోది ఆ అంకెలకు అర్థం చెప్పే సమాచారం: కాలమ్ పేరు, దాని వివరణ, 1 అంటే అవును 2 అంటే కాదు అని చెప్పే విలువల లేబుళ్లు, ఏ అంకె వస్తే జవాబు లేనట్టు లెక్కించాలో చెప్పే గుర్తులు, తేదీని ఎలా చూపాలో చెప్పే సూచన. మొదటి పొరను ఏ పరికరమైనా సులువుగానే దాటిస్తుంది. చిక్కంతా రెండో పొరతోనే. మార్పిడి సాఫీగా ముగిసి, తెర మీద ఒక్క తప్పూ కనబడకుండానే ఈ పొర సగం రాలిపోవచ్చు.

రూపాలు ఇన్ని పుట్టడానికి కారణం చరిత్రే. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో నార్మన్ నీ, హాడ్లై హల్, డేల్ బెంట్ 1968లో ఎస్‌పీఎస్ఎస్ తయారు చేశారు. శాస్ నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో మొదలై 1976లో కంపెనీ అయింది. స్టాటా 1985లో వచ్చింది. ఎవరి ఫైలు వారిదే. ఎదుటివారు చదవాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ పెద్దగా లేదు. ఎస్‌పీఎస్ఎస్ వాడే ఎస్ఏవీ, స్టాటా వాడే డీటీఏ, శాస్ వాడే శాస్7బీడాట్ అలా స్థిరపడ్డాయి. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు పంపడానికని ఎస్‌పీఎస్ఎస్ 'పోర్టబుల్' రూపం పెట్టింది, శాస్ 'ఎక్స్‌పీటీ' రూపం పెట్టింది. ఎక్స్‌పీటీ అయిదో వెర్షన్‌లో కాలమ్ పేరు 8 అక్షరాలు దాటకూడదు, దశాంశ సంఖ్యలు పాత ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ పద్ధతిలో ఉంటాయి. అయినా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుల పరీక్షల డేటాను ఆ రూపంలోనే అడుగుతుంది కాబట్టి అది చావలేదు.

సీఎస్‌వీ వీటన్నిటికీ సులువైన మారు రూపం అనిపిస్తుంది. కానీ అందులో మొదటి పొర మాత్రమే ఉంటుంది. రెండో పొరకు అసలు చోటే లేదు.

రాయచూరు లెక్కలు దొరికే రూపాలు

జనగణన ప్రాథమిక సారం ఎక్సెల్ ఫైలుగా వస్తుంది. జిల్లా, తాలూకా, ఊరు, వార్డు అన్నీ ఒకే పట్టికలో కింద కింద ఉంటాయి. ఏ వరుస ఏ స్థాయిదో ఒక కాలమ్, మొత్తమా గ్రామీణమా పట్టణమా అన్నది మరో కాలమ్ చెబుతాయి. ఈ రెంటినీ చూసుకోకుండా కూడితే జనాభా రెండింతలు, మూడింతలు అవుతుంది. మాతృభాషల పట్టిక సీ-16లోనూ ఇదే తంతు. సింధనూరు, మాన్వి వైపు తుంగభద్ర ఎడమ కాలువ కింద ఆంధ్ర నుంచి వచ్చి 'క్యాంపు'ల్లో స్థిరపడిన రైతు కుటుంబాల లెక్క చూడాలనుకునేవారు ఈ పట్టికకే వస్తారు, ఎందుకంటే ఇది తాలూకా స్థాయి దాకా దిగుతుంది. అందులో తెలుగు కోడ్ 021000, కన్నడం 007000. భాష మొత్తం ఒక వరుసలోనూ, దాని కిందికి వచ్చే మాతృభాషలు విడిగా వేరే వరుసల్లోనూ ఉంటాయి. కోడ్ ముందున్న సున్నాను పరికరం మింగేస్తే 21000 అవుతుంది. సున్నా ఉన్న మరో ఫైలుతో జత కలిపేటప్పుడు ఒక్క వరుసా కలవదు.

జాతీయ నమూనా సర్వే మొదటి రౌండు 1950–51లో మొదలైంది. దీని పాత రౌండ్ల డేటా చాలావరకు స్థిర వెడల్పు టెక్స్ట్. కామాలు, ఖాళీలు ఉండవు. ఫలానా స్థానం నుంచి ఫలానా స్థానం వరకు ఫలానా ప్రశ్న అని వేరే ఎక్సెల్ షీటులో ఇస్తారు. 68వ రౌండు (2011–12) ఫైళ్లలో వరుస చివర, 133 నుంచి 142 వరకు పది స్థానాల్లో, ఆ కుటుంబం ఎన్ని కుటుంబాలకు ప్రతినిధో చెప్పే గుణకం ఉంటుంది. అందులో దశాంశ బిందువు కనబడదు. దానికి ముందున్న మూడేసి అంకెల రెండు గడులు సమానమైతే గుణకాన్ని 100తోనూ, కాకపోతే 200తోనూ భాగించాలి. ఈ నియమం ఫైలులో లేదు, దాంతోపాటు వచ్చే పత్రంలో ఉంది. పత్రం చదవకుండా ఫైలు మార్చినవారికి రాయచూరు జిల్లాలో వంద, రెండు వందల రెట్ల జనం తేలతారు.

తర్వాతి కాలంలో చాలా రౌండ్లు నార్వేలో తయారైన నెస్టార్ రూపంలో వచ్చాయి. విండోస్‌లో నెస్టార్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, మౌస్‌తో ఒక్కో బ్లాకునూ ఎగుమతి చేసుకోవాలి. కమాండ్ లైన్ మనిషికి ఇంతకన్నా శిక్ష ఉండదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే పరిస్థితి మెరుగు. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ నడిపే ఈ సర్వే ఫైళ్లు అంతర్జాతీయ డీహెచ్ఎస్ (జనాభా, ఆరోగ్య సర్వేల) పద్ధతిలో స్టాటా, ఎస్‌పీఎస్ఎస్, శాస్, సాదా టెక్స్ట్ రూపాల్లో విడివిడిగా తయారయ్యాయి. ఫైలు పేరు చివరి రెండక్షరాలే రూపం చెబుతాయి: డీటీ స్టాటాకు, ఎస్‌వీ ఎస్‌పీఎస్ఎస్‌కు, ఎస్‌డీ శాస్‌కు, ఎఫ్‌ఎల్ టెక్స్ట్‌కు. నాలుగో సర్వే (2015–16) 6,99,686 మంది మహిళలను, అయిదో సర్వే (2019–21) 7,24,115 మందిని పలకరించింది. మహిళల ఫైలులో కాలమ్‌లే నాలుగు వేలకు పైగా. స్టాటా ప్రాథమిక ఎడిషన్ 2,048 కాలమ్‌లకు మించి తెరవదు కనుక ఫైలు చేతిలో ఉన్నా తెరుచుకోదు. కుటుంబ సభ్యుల ఫైలులో 28 లక్షలకు పైగా వరుసలు. ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576. అక్కరలేని రాష్ట్రాలను, కాలమ్‌లను మార్పిడి సమయంలోనే వడకట్టడం ఇక్కడ తప్పనిసరి.

పరికరాలు

ఆదేశాలు టైపు చేసేది రోమన్ అక్షరాల్లోనే. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాం. డబ్బు పెట్టి కొనే వాటిలో సర్కిల్ సిస్టమ్స్ వారి స్టాట్/ట్రాన్స్‌ఫర్ పాతకాపు. దానికి కమాండ్ లైన్ రూపమూ ఉంది. ఉచిత పరికరాలు వచ్చాక దాని అవసరం బాగా తగ్గింది.

వాటిలో ముఖ్యమైనది ఇవాన్ మిల్లర్ సీ భాషలో రాసిన రీడ్‌స్టాట్. 'రీడ్‌స్టాట్' అని టైపు చేసి, ఉన్న ఫైలు పేరు, కావలసిన ఫైలు పేరు ఇస్తే చాలు. పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను బట్టి ఏ రూపమో అదే గ్రహిస్తుంది. ఎస్ఏవీ, డీటీఏ, ఎక్స్‌పీటీ, శాస్7బీడాట్ చదువుతుంది. శాస్7బీడాట్ నిర్మాణాన్ని శాస్ కంపెనీ బయటపెట్టలేదు. మ్యాట్ షాట్‌వెల్ వంటివారు ఫైళ్లను బైటు బైటుగా పరిశీలించి విప్పారు. ఆర్‌లో మిల్లర్ హ్యాడ్లీ విక్హమ్‌తో కలిసి చేసిన హేవెన్ ప్యాకేజీ, పైథాన్‌లో పైరీడ్‌స్టాట్, రెండూ లోపల వాడేది ఈ రీడ్‌స్టాట్‌నే. కాబట్టి ఆర్ వాడినా పైథాన్ వాడినా చాలాసార్లు ఒకే వంటింటి కూర తింటున్నట్టే. ఒకదాని ఫలితాన్ని మరోదానితో సరిచూసుకున్నామని ధీమా పడటం అందుకే సరికాదు.

ఎస్‌పీఎస్ఎస్‌కు ఉచిత ప్రత్యామ్నాయంగా జీఎన్‌యూ వారు చేసిన పీఎస్‌పీపీతో పాటు పీఎస్‌పీపీ-కన్వర్ట్ అనే ఆదేశం వస్తుంది. ఎస్ఏవీని సీఎస్‌వీగా మార్చడంలో దీనిదే పైచేయి, ఎందుకంటే ఇది అడగాల్సిన ప్రశ్నలు అడగనిస్తుంది. 'లేబుల్స్' అనే ఆప్షన్ ఇస్తే అంకెల బదులు వాటి లేబుళ్లు రాస్తుంది. 'రీకోడ్' ఇస్తే జవాబు లేదని గుర్తుపెట్టిన విలువలను ఖాళీ చేస్తుంది. ఇవ్వకపోతే వాటిని మామూలు అంకెల్లాగే వదిలేస్తుంది. స్టాటా ఫైళ్లు మాత్రం రాయలేదు.

ఎక్సెల్ పట్టికలకు సీఎస్‌వీకిట్‌లోని ఇన్‌2సీఎస్‌వీ, లిబ్రాఫీస్‌ను తెర లేకుండా నడిపే 'హెడ్‌లెస్' పద్ధతి పనికొస్తాయి. లిబ్రాఫీస్ మామూలుగా మొదటి షీటునే మారుస్తుంది. స్థిర వెడల్పు టెక్స్ట్‌కు ఇన్‌2సీఎస్‌వీకి స్థానాల పట్టిక ఒకటి ఇవ్వాలి: కాలమ్ పేరు, మొదలు, పొడవు. నమూనా సర్వే వారిచ్చే ఎక్సెల్ షీటులో ఉన్నవి అవే కనుక నాలుగు నిమిషాల పని. యూనిక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న 'ఆక్' కూడా ఇదే పని ఇంకా వేగంగా చేస్తుంది. ఆర్ తెలిసినవారికి రియో ప్యాకేజీలోని 'కన్వర్ట్' ఒక్క వరుసలో సరిపోతుంది. ఆర్‌తో పాటే వచ్చే ఫారిన్ ప్యాకేజీ స్టాటా 12 తర్వాతి ఫైళ్లు చదవదు. పాత పాఠ్యపుస్తకాలు ఇంకా దాన్నే చెబుతున్నాయి.

ఎక్కడ తేడా కొడుతుంది

కుటుంబ ఆరోగ్య సర్వే మహిళల ఫైలులో రాష్ట్రం ఉన్న కాలమ్ వీ024. నాలుగో సర్వేలో రాష్ట్రాలకు ఇంగ్లిషు అక్షరక్రమంలో అంకెలిచ్చారు: కర్ణాటక 16, రాజస్థాన్ 29. అయిదో సర్వేలో జనగణన కోడ్‌లకు మారారు: కర్ణాటక 29. రెండు ఫైళ్లలోనూ కాలమ్ పేరు అదే, రకం అదే. లేబుళ్లు ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. రెంటినీ అంకెల సీఎస్‌వీగా మార్చి, ఒకదాని కింద ఒకటి అతికించి, 29 అని వడకడితే వచ్చేది ఏమిటి? 2015–16లో రాజస్థాన్ మహిళలు, 2019–21లో కర్ణాటక మహిళలు. నాలుగేళ్లలో కర్ణాటకలో ఎంత మార్పో అని పట్టిక వేస్తే అది నిజానికి రెండు రాష్ట్రాల తేడా. ఏ పరికరమూ హెచ్చరించదు. జిల్లా కాలమ్‌ను పట్టుకుంటే కొంత నయం; నాలుగో సర్వేలో 640 జిల్లాలకు 2011 జనగణన కోడ్‌లే వాడారు, రాయచూరుకు 559.

ఆ 559 కూడా పాతది కాదు. 2001 జనగణనలో జిల్లాలకు రాష్ట్రం లోపలి వరుస సంఖ్య ఇచ్చారు: గుల్బర్గా 04, బీదర్ 05, రాయచూరు 06. 2009 చివర గుల్బర్గా నుంచి యాద్గిర్ విడిపోయింది. 2011 జాబితాలో ఆ రెండూ కిందికి, 579, 580కి వెళ్లాయి. దాంతో బీదర్ ఒక మెట్టు ఎక్కి 558, రాయచూరు 559 అయ్యాయి, అంటే రాష్ట్రంలో అయిదో జిల్లా. రాష్ట్ర వరుసను రెండంకెల్లో రాసే ఫైళ్లలో 2001 నాటి 05 బీదర్, 2011 నాటి 05 రాయచూరు. కోడ్‌ను టెక్స్ట్‌గా ఉంచి, పక్కన జనగణన సంవత్సరం, జిల్లా పేరు కూడా ఉంచుకోవడం ఒక్కటే దారి. ఇన్‌2సీఎస్‌వీ కాలమ్ రకాన్ని తనంతట తాను ఊహించకుండా ఆపే ఆప్షన్ ఉంది. కోడ్‌లున్న ఫైలుకు దాన్ని మరువకూడదు.

లేని జవాబుల సంగతి వేరు. మహిళల రక్తంలో హిమోగ్లోబిన్ ఉన్న కాలమ్‌లో 112 అంటే డెసిలీటరుకు 11.2 గ్రాములు. బిందువు ఎక్కడన్నది ఫైలు చెప్పదు, కోడ్ పుస్తకం చెబుతుంది. అదే కాలమ్‌లో 994, 995, 996 వంటి కోడ్‌లు కూడా ఉంటాయి: ఇంట్లో లేరు, ఒప్పుకోలేదు, ఇతర కారణం. వీటిని తీసేయకుండా పదితో భాగిస్తే 99.4 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న మనుషులు పుడతారు, జిల్లా సగటు పైకి లేస్తుంది, రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది. స్టాటాలో లేని విలువకు 27 రకాల గుర్తులున్నాయి, శాస్‌లో 28, సీఎస్‌వీలో ఒక ఖాళీ గడి మాత్రమే. 'ఒప్పుకోలేదు', 'ఇంట్లో లేరు' అన్న తేడా మార్పిడిలోనే చచ్చిపోతుంది. పైగా స్టాటా లేని విలువను అన్ని అంకెలకన్నా పెద్దదిగా చూస్తుంది. 12 కన్నా ఎక్కువ ఉన్నవారిని లెక్కించమంటే జవాబు లేనివారిని కూడా కలుపుకుంటుంది.

తేదీలు మరో తలనొప్పి. ప్రతి సాఫ్ట్‌వేర్‌కు తనదైన సృష్ట్యాది ఉంది. శాస్, స్టాటా 1960 జనవరి 1 నుంచి రోజులు లెక్కిస్తాయి, ఆర్ 1970 జనవరి 1 నుంచి, ఎస్‌పీఎస్ఎస్ 1582 అక్టోబర్ 14 నుంచి సెకన్లు. రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరిన 1956 నవంబర్ 1నే తీసుకోండి. శాస్‌లో అది మైనస్ 1156, ఆర్‌లో మైనస్ 4809, ఎక్సెల్‌లో 20760, ఎస్‌పీఎస్ఎస్‌లో 11,80,38,81,600. కుటుంబ ఆరోగ్య సర్వే 1900 జనవరిని 1గా పెట్టుకుని నెలలు లెక్కిస్తుంది కనుక అక్కడ 683. చూపే తీరు చెప్పే సూచన మార్పిడిలో రాలిపోతే మిగిలేవి ఈ అంకెలే. మనిషి కన్ను పట్టే తప్పే ఇది. అందుకే దీని వల్ల నష్టం తక్కువ. ఎక్సెల్ చేసే తేదీలు అంతకన్నా ప్రమాదం: వయసు వర్గం '5-9' ఉన్న సీఎస్‌వీని తెరవగానే దాన్ని సెప్టెంబర్ 5 వంటి తేదీగా మార్చి, సేవ్ చేస్తే అలాగే రాసేస్తుంది.

ఇక లిపి. 'రాయచూరు' అన్న తెలుగు మాటలో యూనికోడ్ అక్షర సంకేతాలు 7. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 21. కన్నడంలో రాసినా అంతే. పేరుకు 20 బైట్ల వెడల్పు పెట్టుకున్న స్థిర వెడల్పు ఫైలులో చివరి కొమ్ము మధ్యలో తెగి, అక్కడ ప్రశ్నార్థకం ఉన్న పలక మిగులుతుంది. ఎస్‌పీఎస్ఎస్ కాలమ్ పేరుకిచ్చే 64 బైట్లు ఇంగ్లిషుకు ధారాళం, తెలుగుకు 21 సంకేతాలే. స్టాటా 2015లో వచ్చిన 14వ వెర్షన్ నుంచే యూనికోడ్ చదువుతోంది. అంతకు ముందు వెర్షన్ రూపంలో సేవ్ చేస్తే భారతీయ లిపులు పోతాయి. కర్ణాటక కార్యాలయాల పాత ఫైళ్లలో నుడి, మన దగ్గర అను వంటి ఫాంటు సంకేతాలు కనిపిస్తాయి. వాటికి లిపి సంకేతాలు మార్చే ఐకాన్వ్ ఆదేశం పనికిరాదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అవి ఇంగ్లిషు అక్షరాలే. ముందు ప్రత్యేక కన్వర్టర్‌తో యూనికోడ్ చేసుకుని, ఆపైన ఫైలు రూపం మార్చాలి.

చిన్నదే అయినా మరో ఇబ్బంది ఒకటుంది. 19,28,812 అని కామాలతో రాసిన అంకెను కొటేషన్ గుర్తులు లేకుండా సీఎస్‌వీలో పెడితే మూడు కాలమ్‌లు అవుతుంది: 19, 28, 812. మిగతా వరుసంతా రెండు గళ్లు కుడికి జరుగుతుంది.

సరిచూసుకోవడం

మార్చిన ఫైలు తెరుచుకుంది కదా అని ఊరుకుంటే చాలదు. ముందు వరుసలు, కాలమ్‌లు ఎన్నో రెండు వైపులా లెక్కపెట్టాలి. తర్వాత తెలిసిన అంకెతో పోల్చాలి: జనగణన ఫైలైతే రాయచూరులో పురుషులు 9,64,511, స్త్రీలు 9,64,301 రావాలి. సర్వే ఫైలైతే గుణకాలతో వేసిన జిల్లా సగటు ప్రచురించిన జిల్లా నివేదికతో సరిపోవాలి. గుణకం కాలమ్‌కు ఇక్కడ కూడా దశాంశం దాగి ఉంటుంది. మహిళల ఫైలులో దాన్ని పది లక్షలతో భాగించాలి. నిష్పత్తులకు భాగించినా భాగించకపోయినా ఒకటే కనుక ఈ తప్పు చాలాకాలం బయటపడదు. మొత్తాలు వేసినప్పుడే పడుతుంది.

లేబుళ్లను వేరే ఫైలుగా దాచుకోవడం మంచి అలవాటు. రీడ్‌స్టాట్‌తో వచ్చే మరో పరికరం వాటిని జేసన్ ఫైలుగా తీసి ఇస్తుంది. సీఎస్‌వీతో పాటు ఆ జేసన్ ఉంటే తిరిగి స్టాటా ఫైలునో ఎస్‌పీఎస్ఎస్ ఫైలునో కట్టుకోవచ్చు. అసలు ఫైలును చదవడానికి మాత్రమే వీలుండేలా పెట్టి, దాని షా-256 సంతకం రాసుకుంటే ఎప్పుడైనా మొదటికి రావచ్చు.

మార్పిడికి అందనివి

లేబుళ్లూ కోడ్‌లూ చక్కగా దాటినా 'రాయచూరు' అన్న పేరు అన్ని ఫైళ్లలో ఒకే నేలను సూచించదు. 1951 జనగణన నాటికి అది హైదరాబాదు రాష్ట్రంలోని జిల్లా. గద్వాల, ఆలంపూరు తాలూకాలు అందులోవే. 1956 పునర్విభజనలో ఆ రెండూ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మహబూబ్‌నగర్‌లో కలిశాయి, మిగతా జిల్లా మైసూరుకు వెళ్లింది. 1997లో కొప్పళ జిల్లా విడిపోయింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జిల్లా స్థాయి వ్యవసాయ డేటాలో 1966 నాటి హద్దుల ప్రకారం సర్దిన పట్టికలు ఉన్నాయి. వాటిలో రాయచూరు వరి అంటే కొప్పళ వరి కూడా కలిసిందే. దాన్ని 2011 జనగణన రాయచూరుతో తలసరి లెక్క కట్టడానికి జత చేస్తే లవంలో రెండు జిల్లాలు, హారంలో ఒక జిల్లా పడతాయి. తాలూకాలకూ ఇదే వర్తిస్తుంది: 2011 ఫైళ్లలో రాయచూరు, మాన్వి, సింధనూరు, దేవదుర్గ, లింగసుగూరు అని అయిదే ఉంటాయి, మస్కి, సిరవార ఆ తర్వాత వచ్చాయి. ఇలాంటి జతకు ఏ ఊరు ఏ సంవత్సరంలో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉందో చెప్పే పట్టిక ముందు చేత్తో తయారు చేసుకోవాలి. ఆ పట్టికను కలపడానికి మాత్రం కమాండ్ లైన్‌లో 'జాయిన్' ఆదేశం ఒక్క వరుస చాలు.